దగ్గి రా, పాపా

పత్తి సీజన్లో ఆదోని గాలికి ఒక రుచి ఉంటుంది. జిన్నింగు మిల్లుల వెనక సందుల్లో నడిస్తే కంటికి కనిపించని నూగు గొంతులో దిగి గరగరలాడిస్తుంది. ఇక్కడివాళ్ళకు ఆ దగ్గు అలవాటే. కాని నిన్న మధ్యాహ్నం అలాంటి సందులో ఒక ఇంటి లోపల నిలబడి నేను దగ్గింది నూగు వల్ల కాదు. ఆ ఇంట్లో నడుము కింద కదలని ముప్పై ఏళ్ళ మనిషి ఉన్నాడు. వారానికి మూడుసార్లు పోయి ఆయనకు స్నానం, పుండ్ల కట్లు, ఒళ్ళు కదిలించడం వంటివి చూసుకోవడం మా పని. ఆయన గదికి తలుపు లేదు, ఒక పాత చీర అడ్డం కట్టారు. ఆ చీర ముందు నిలబడి నేను రెండుసార్లు చిన్నగా దగ్గాను.

నా వెనక అనసూయమ్మ ఉంది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఈ పనిలో చేరింది, నాకంటే పదేళ్ళు పెద్ద. "ఏం మేడం, గొంతు పట్టుకునిందా? బిళ్ళ ఇయ్యాల్నా?" అని సంచీలో చెయ్యి పెట్టింది. వద్దని తల ఊపాను. లోపల మంచం కిర్రుమంది. "ఇప్పుడొద్దు మేడం. కాసేపాగి రాండి" అని గొంతు వినబడింది. సరేనని చెప్పి బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. అనసూయమ్మకు ఒళ్ళు మండింది. "ఇంత ఎండలో బస్టాండు కాడ నుంచి నడిసి వస్తిమి. ఇప్పుడొద్దంటే ఎట్ల మేడం? మనం వచ్చింది ఆయన కోసమే కదా?" అంది. సరిగ్గా ఆమె మాటల్లోనే ఒకప్పుడు నేనూ మాట్లాడాను, ఆమె కంటే ఎక్కువ కోపంతో. అందుకే ఆమెను ఏమీ అనలేకపోయాను. ఈ దగ్గు నాకు ఎమ్మిగనూరులో ఒకామె నేర్పింది అని మాత్రం చెప్పాను. అదీ సగం అబద్ధమే. ఆమె చెప్పింది. నేను నేర్చుకోలేదు. నేర్చుకునేసరికి ఆలస్యమైంది.

ఆమెను ఇక్కడ ఈశ్వరమ్మక్క అంటాను. ఎమ్మిగనూరు నేతగాళ్ళ ఇళ్ళలో పుట్టి పెరిగిన మనిషి. పెద్ద నుదురు, కలిసిపోయిన కనుబొమలు, తెగిన దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరికే అలవాటు. నలభై దాటేదాకా మగ్గం నేసింది. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే తమ్ముడి ఇంటికి వచ్చేసి, తన మగ్గం మీద తాను బతికింది. ఒకసారి మాధవరం దగ్గర్నుంచి చుట్టాలతో ఆటోలో వస్తుంటే అది బోల్తా పడి వెన్నెముక విరిగింది. నడుము కింద స్పర్శ పోయింది. చేతులు మాత్రం మిగిలాయి. తమ్ముడు వీరేశు ఒక మగ్గం, ఈశ్వరమ్మక్క నేసిన రెండో మగ్గం మీద మరదలు లక్ష్మీదేవి నేసేవాళ్ళు. ఆ రెండు మగ్గాలూ ఇంటి నడిమిభాగమంతా ఆక్రమించాయి. వాటి వెనక, గోడవారగా ఆమె మంచం. మంచానికీ మగ్గాలకూ మధ్య తాడు మీద వేలాడదీసిన చీర. మంచం మీద అడ్డంగా పలక పెట్టుకుని, దాని మీద చిన్న రాట్నంతో కండెలు చుట్టేది. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలుగొట్టం. ఆ ఇంటి రెండు మగ్గాలూ ఆమె చుట్టిన కండెలతోనే ఆడేవి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది ఆస్పరి వైపు ఊరు. అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్ళు. ఆదోనిలో ఒక సంస్థ మూడు నెలలు శిక్షణ ఇచ్చి, మెడలో కార్డు వేసి, వారానికి మూడు రోజులు ఎమ్మిగనూరు బస్సెక్కించింది. ఆ కార్డంటే నాకెంత గర్వమో చెప్పలేను. బస్సులో కూడా జేబులో దాచేదాన్ని కాదు, అందరికీ కనబడేలా పైకి వేసుకునేదాన్ని. నాకు మొదటినుంచీ ముక్కు మీద కోపం. దానికి కార్డు తోడైంది.

మొదటి రోజు లక్ష్మీదేవి నన్ను మగ్గాల పక్కనుంచి తీసుకుపోతుంటే, చీరను నేనే చేత్తో పక్కకు తోసి లోపలికి అడుగుపెట్టాను. ఈశ్వరమ్మక్క రాట్నం తిప్పడం ఆపి నన్ను చూసింది.

"ఏం పేరు పాపా?" అంది.

"సువార్త."

"మంచి పేరు. యా ఊరు?"

చెప్పాను. మీ నాయన ఏం చేస్తాడు అంది. కూలి అని చెప్పాను. ఆమె దారం కొరికి, నిండిన కండెను బుట్టలో వేసి, నెమ్మదిగా అంది. "ఇంకోసారి వచ్చేటప్పుడు ఆ చీర కాడ నిలబడి దగ్గు. దగ్గి రా, పాపా."

నా చెవులు వేడెక్కాయి. పేరు అడిగింది, ఊరు అడిగింది, నాన్న పని అడిగింది, ఆ తర్వాత దగ్గి రమ్మంది. ఆ వరసలో నాకు ఒకటే అర్థం కనబడింది. ఎందుకంటే దగ్గడమంటే ఏమిటో నాకు చిన్నప్పుడే తెలుసు. నాన్న పనిచేసే ఆసామి ఇంటికి పోతే గడప ఎక్కకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, వాకిట్లో ఎండలో నిలబడి దగ్గాలి. చిన్నగా రెండుసార్లు. వాళ్ళకు వినబడి, బుద్ధి పుట్టి బయటికి వచ్చేదాకా నిలబడాలి. ఏడేళ్ళప్పుడు నాన్న వేలు పట్టుకుని ఆ వాకిట్లో నిలబడ్డాను. ఎంతసేపు దగ్గినా ఎవరూ రాలేదు. గట్టిగా పిలువు నాయనా అన్నాను. నాన్న నా వేలును నొప్పి పుట్టేలా నొక్కాడు. ఇంట్లో మాత్రం నాన్న ఎప్పుడూ అలా దగ్గేవాడు కాదు. ఈ మెడలో కార్డు వేసుకుని, ప్రభుత్వ ఆసుపత్రి డాక్టర్లతో కూడా మాట్లాడి వచ్చే నేను, మళ్ళీ ఒకరి ఇంట్లో నిలబడి దగ్గాలా? చచ్చినా దగ్గను అనుకున్నాను. అక్కడ మొదలైంది నా తప్పు. ఒక్కమాట అడిగి ఉంటే అక్కడే ఆగిపోయేది.

ఆ తర్వాత పోయిన ప్రతిసారీ చప్పుడు చేయకుండా సరాసరి చొరబడేదాన్ని. "బాగున్నావా అక్కా" అని అనేసరికే మంచం పక్కన ఉండేదాన్ని. ఆమె ఒక్కోసారి దుప్పటి లాక్కునేది, ఒక్కోసారి పైట సర్దుకునేది. మొదట్లో రెండు మూడుసార్లు "దగ్గి రమ్మంటి కదా పాపా" అంది. వినబడనట్టు బకెట్టు తీసుకునేదాన్ని. తర్వాత ఆమె అనడం మానేసింది. గెలిచాననుకున్నాను.

ఇప్పుడు తలచుకుంటే ఒక్క దగ్గు సంగతే కాదు, ఆ ఇంట్లో నేను మాట్లాడిన ప్రతి మాటా తల దించుకునేలా చేస్తుంది. ఆమె ఎదురుగా ఉండగానే, ఆమె మీదుగా లక్ష్మీదేవిని అడిగేదాన్ని, ఈమెకు విరేచనం అయిందా, నీళ్ళలా అయిందా, గట్టిగా అయిందా అని. రెండు గజాల దూరంలో వీరేశు మగ్గం గుంటలో కూర్చుని ఉండేవాడు. నేను నోరు తెరవగానే మగ్గం చప్పుడు పెంచేవాడు. ఏం మనిషి, అక్క బాగోగులు చెవిన వేసుకోడు అని తిట్టుకునేదాన్ని. ఆ చప్పుడు అక్క కోసమేనని నాకు తట్టలేదు. ఈశ్వరమ్మక్క ఒకరోజు రాట్నం మీద నుంచి కన్నెత్తకుండానే అంది. "ఆ మాట నన్నడుగు పాపా. కడుపు నాది." సరేలే అక్కా అన్నాను. మరుసటిసారి మళ్ళీ లక్ష్మీదేవినే అడిగాను.

నైటీ గొడవ కూడా అంతే. పడుకుని ఉండేవాళ్ళకు నైటీ అయితే మార్చడం సులువని శిక్షణలో చెప్పారు. నేను రెండు నైటీలు తీసుకుపోయాను. ఆమె వాటిని నిమిరి చూసింది, నేత పలుచనని చెప్పింది, మడిచి పక్కన పెట్టింది. "నైటీ నీకు సులువు. నాకు చీరే కట్టు పాపా" అంది. పడుకున్న మనిషికి చీర కట్టడమంటే అరగంట పని. ఆరోజు రిపోర్టు పుస్తకంలో "పేషెంటు సహకరించలేదు" అని రాశాను. సంస్థ వాళ్ళు అడిగారని స్నానానికి ముందూ తర్వాతా ఫోటో తీయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఆరోజు కూడా అదే మాట రాశాను. ఆ రెండు మాటలు రాయడం నాకు సుఖంగా ఉండేది.

మధ్యాహ్నం అన్నం నేను అక్కడే తినేదాన్ని. రెండో మగ్గం పక్కన గోడకు ఆనుకుని, రొట్టె, చెనిక్కాయల పొడి. నేను తినడం మొదలుపెట్టగానే చీర వెనక ఈశ్వరమ్మక్క దగ్గేది. ఒక్కోసారి నేను తింటూ తలెత్తితే చీర సందులోంచి ఆమె మొహం గోడవైపు తిరిగి కనబడేది. మరోరోజు అమ్మ ఫోన్ చేసి, నాన్నకు ఒంట్లో బాగలేదని, మందులకు పోనంటున్నాడని చెప్పింది. నేను మగ్గం చాటున కూర్చుని ఏడ్చాను. అప్పుడూ చీర వెనకనుంచి దగ్గు వినబడింది. పడుకుని ఉండేవాళ్ళకు ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుందని, అది ప్రాణాల మీదికి వస్తుందని మాకు గట్టిగా చెప్పారు. నా తెలివికి ఇంకేం కావాలి? ఆదోని ఆఫీసు నుంచి దగ్గుమందు సీసా తెచ్చాను.

"నాకు దగ్గు లేదు పాపా" అంది.

"నీకు తెలీదక్కా. లోపల కఫం ఉంటుంది" అని చెంచా నోటి దగ్గర పెట్టాను.

ఆమె నన్ను కాసేపు చూసింది. తర్వాత నోరు తెరిచి మింగింది. మూతి తుడిచాను. "నీకు నిమ్మళమాయనా?" అంది. మందు పనిచేసిందా అని నేనడగాల్సిన ప్రశ్న ఆమె నన్నడుగుతోందని నవ్వాను. పూటకొక చెంచా తాగించమని లక్ష్మీదేవికి పురమాయించి వచ్చాను. లక్ష్మీదేవి నోట్లో కొంగు పెట్టుకుంది. అది నవ్వు ఆపుకోవడానికని నాకు తర్వాత తెలిసింది.

ఎండలు ముదిరిన రోజుల్లో సంస్థ ఆమెకు చక్రాల కుర్చీ ఒకటి ఇచ్చింది. కూర్చునే చోట మధ్యలో రంధ్రం ఉండి, మరుగుదొడ్డి అవసరానికి పనికొచ్చే కుర్చీ. దాన్ని ఆదోని నుంచి ఆటోలో తెచ్చాం. ఆటో తోలే ఖాజాబాయి నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. ఆరోజు మామూలుగా పోయే వేళకంటే గంట ముందే పోయాను. ఇంట్లో మగ్గాల చప్పుడు లేదు. వీరేశు నేసిన బట్ట అప్పజెప్పడానికి పోయాడు, లక్ష్మీదేవి నీళ్ళకు పోయింది. ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఎందుకో ఒక్క క్షణం ఆగాలనిపించింది కూడా. కాని కుర్చీ బరువు, ఎండ, బాగా పెద్ద వస్తువు తెచ్చానన్న ఉత్సాహం. చీరను మోచేత్తో తోసి ముందు చక్రాలు పట్టుకుని లోపలికి నడిచాను. వెనక చక్రాలు పట్టుకుని ఖాజాబాయి.

ఈశ్వరమ్మక్క పక్కకు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి కాళ్ళ దగ్గర ఉంది, చీర నడుము దాకా పైకి ఉంది. ఒక చేతిలో చిన్న అద్దం, ఇంకో చేతిలో తడిగుడ్డ. పుండు పడుతుందేమో అద్దంలో చూసుకోవాలని మొదటివారంలో ఆమెకు నేనే నేర్పాను. నేను ఆమెకు చేసిన మంచి అదొక్కటే. నా ముందు ఎప్పుడూ చేయలేదు, పట్టించుకోలేదనుకున్నాను. ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి, తనంతట తానే తిరిగి, తన ఒళ్ళు తానే తుడుచుకుంటోంది. ఆమె మొహం గోడవైపు ఉంది. అద్దంలో మా కళ్ళు కలిశాయి. ఆ అద్దంలోనే నా భుజం మీదుగా ఖాజాబాయి మొహం ఆమెకు కనబడింది.

ఆయన కుర్చీని అక్కడే వదిలి గోడవైపు తిరిగి, తడుముకుంటూ బయటికి పోయాడు. నేను వెనకాలే పోయాను. ఆయన నా మొహం కూడా చూడలేదు. "అమ్మా, జరా ముందుగాల ఒక మాట అనింటే నేను ఆడనే నిలబడింటి కదమ్మా. ఆడోళ్ళుండే కాడికి మేము కూడా దగ్గకుండా పోము" అన్నాడు. లక్ష్మీదేవి అప్పుడే వచ్చి నీళ్ళిస్తానంటే వద్దని ఆటో ఎక్కాడు.

లోపలికి పోతే ఆమె ఆ ఎండలో దుప్పటిని మెడదాకా కప్పుకుని ఉంది. ఈ పొద్దు స్నానం వద్దు పాపా అంది. కుర్చీ చూడక్కా, నీకోసం ఆదోని నుంచి తెచ్చాము అన్నాను. వద్దు అంది. నాకు సిగ్గేసింది. నిజంగానే వేసింది. కాని నా సిగ్గు నిమిషం కూడా సిగ్గుగా నిలవదు, కోపమవుతుంది. ఇంత కష్టపడి తెస్తే కన్నెత్తి చూడదేం అనుకున్నాను. పుస్తకం తీసి మూడోసారి రాశాను, పేషెంటు సహకరించలేదు. కింద సంతకం పెట్టాను.

రెండు రోజుల తర్వాత పోయాను. ఆరోజు కూడా దగ్గలేదు. ఆమె నన్ను కూర్చోమంది. కోపం లేదు గొంతులో.

"ఒకటి అడుగుతా సెప్పు. నీకు దగ్గేదానికి ఏం కష్టమొచ్చె?"

నేను ఇక ఆపుకోలేకపోయాను. మా నాన్న గురించి, ఆసామి వాకిలి గురించి, ఆ రెండు చిన్న దగ్గుల గురించి గబగబా చెప్పేశాను. మీరు పేరడిగి, ఊరడిగి దగ్గమంటే నాకేమనిపిస్తుంది అన్నాను. ఎప్పుడూ నువ్వనేదాన్ని ఆరోజు మీరన్నాను, దెప్పడానికి. మగ్గం ఆగిపోయింది. వీరేశు వింటున్నాడు. ఈశ్వరమ్మక్క రాట్నం పిడి వదిలేసింది.

"అదా" అంది చివరికి. "నేను నా తలుపు సంగతి సెప్తిని. నీకు మీ నాయన నిలబడిన వాకిలి ఇనబడె. నీ తప్పు కాదులే అది. ఇంట్లో మగ్గాలకు గుంటలుండాయి, నూలుకు పెట్టె ఉండాది. నాకు తలుపు లేదు పాపా. కాళ్ళుంటే లేసి పక్కకు పోతా. ఎవరన్నా దగ్గితే గుడ్డ సర్దుకునేంత యాళ దొరుకుతాది. అంతే. మా నాయన మా అమ్మ కాడికి కూడా దగ్గే పోతాండె."

నేను తల దించుకున్నాను. ఆమే మళ్ళీ అంది. "నీకు దగ్గు వద్దంటే ఇంకోటి సెయ్. గాజులు కదిలించు."

"మా చర్చిలో గాజులు వేసుకోమక్కా."

"అయితే పాట పాడుకుంటా రా. మీ దేవుని పాటే పాడు. నాకు పాట గూడా దొరుకుతాది."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు తర్వాత ఒక్కమాట అంటే సరిపోయేది. తప్పయింది అక్కా. నాలుక చివరిదాకా వచ్చింది. అద్దంలో ఖాజాబాయి మొహం గుర్తొచ్చింది. ఆ మాట అంటే ఆ సంగతి ఎత్తాల్సి వస్తుంది. "స్నానానికి నీళ్ళు పెడతానక్కా" అని లేచాను.

ఆ శనివారం ఆఫీసులో మా పర్యవేక్షకుడు ఫైళ్ళు తిరగేస్తూ ఈశ్వరమ్మక్క ఫైలు దగ్గర ఆగాడు. మూడుసార్లు సహకరించలేదని ఉంది, ఆమెకు మన సేవ ఇష్టం లేదేమో, ఆదోనిలోనే చాలామంది ఎదురుచూస్తున్నారు, మూసేద్దామా సువార్తా అని అడిగాడు. చెడ్డమనిషి కాదు. కాగితంలో ఏముందో అదే చదివాడు. నిజం చెప్పడానికి నాకు నోరుంది. చెబితే మగమనిషిని ఎలా తీసుకుపోయావని అడుగుతారు. కార్డు పోతుందేమో. అదీకాక ఫైలు మూస్తే ఆ ఎండలో ఎమ్మిగనూరు బస్సెక్కే బాధ తప్పుతుంది. ఈ మూడో కారణాన్ని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

"మీ ఇష్టం సార్" అన్నాను. ఇష్టం అనే మాట ఆ గదిలో రెండుసార్లు వచ్చింది, ఈశ్వరమ్మక్క ఇష్టమేమిటో ఎవరమూ అడగలేదు. ఆఫీసు నుంచి వీరేశుకు ఫోన్ పోయింది. నేను చెప్పడానికి కూడా పోలేదు.

వానాకాలం పోయింది. చలి మొదలయ్యే వేళకు నాన్నను ఆసుపత్రిలో చేర్పించాం. పెద్ద వార్డు, మంచాల మధ్య తెరలు లేవు. నేను పక్కన కూర్చుని ఉన్నాను. నాన్నకు మూత్రం పోసే డబ్బా అందించాను. తీసుకున్నాడు కాని కదలలేదు. నా వైపు చూడలేదు. చిన్నగా రెండుసార్లు దగ్గాడు. ఆసామి వాకిట్లో విన్న దగ్గే అది, అదే గొంతు, అదే సన్నటి చప్పుడు. నేను చప్పున లేచి అటు తిరిగి నిలబడ్డాను. అంత పెద్ద వార్డులో నాన్నకు అంతకంటే వేరే తలుపు లేదు. గోడ వైపు చూస్తూ ఏడ్చాను. నాన్నకు అది తన జబ్బు కోసమనిపించి ఉంటుంది.

నాన్న ఇంటికి వచ్చిన తర్వాతి ఆదివారం ఎమ్మిగనూరు పోయాను. ప్రార్థన ఎగ్గొట్టి పోయాను. మగ్గాలు ఆడుతున్నాయి. నన్ను చూసి వీరేశు తల దించుకున్నాడు, లక్ష్మీదేవి నవ్వలేదు, పొమ్మనీ అనలేదు. తాడు మీద వేరే చీర ఉంది, మందపాటిది. దాని ముందు నిలబడ్డాను. మొదటిసారి దగ్గు సరిగా రాలేదు, మళ్ళీ దగ్గాను. లోపల రాట్నం ఆగింది. దుప్పటి చప్పుడు వినబడింది.

"ఎవరది?"

"నేను అక్కా. సువార్తను."

ఆ చీరను తోసుకుని ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఆరోజు దాని అంచు కూడా తాకలేకపోయాను.

"ఇప్పుడొద్దు పాపా" అంది.

కోపంగా అనలేదు. ఏడుపుతోనూ అనలేదు. ఇంటావిడ పనిలో ఉండి చెప్పినట్టు, మామూలుగా అంది. సరే అక్కా అన్నాను. రాట్నం మళ్ళీ తిరగడం మొదలైంది.

అరుగు మీద కూర్చున్నాను. లక్ష్మీదేవి నీళ్ళు తెచ్చింది. ఇంకో చేతిలో దగ్గుమందు సీసా. దాదాపు నిండుగా ఉంది. "ఇది మీదే, తీసుకుపో. ఆమెకు దగ్గు యాడుండాది? నువ్వు అన్నం తింటాంటే దగ్గుతాండె. నువ్వు ఫోన్లో ఏడుస్తాంటే దగ్గుతాండె. ఎందుకు వదినా అంటే, ఆ పాప మనింట్లో మూల కూసోని తింటాది, ఎవరో సూస్తాండారని ముద్ద దిగదు, నేనిటు తిరిగినానని తెలవల్ల అంటాండె" అంది. ఇంకోమాట కూడా చెప్పింది. "నడుము కింద పుండు పడె. నన్ను తప్ప ఎవుర్నీ రానియ్యదు. నాకేమో నువ్వు సేసినట్ల కట్టు రాదు."

నేను ఆమె తలుపు పగలగొడుతున్న రోజుల్లోనే ఆమె మంచం మీద పడుకుని, కదలలేని ఒంటితో, నాకోసం ఒక తలుపు పెడుతూ వచ్చింది. నేను దానికి మందు తాగించాను. సీసా పట్టుకుని బస్సెక్కాను. సోమవారం ఆఫీసులో ఫైలు మళ్ళీ తెరవమని అడిగాను, జరిగింది జరిగినట్టు చెప్పాను. మందలించారు, కార్డు తీసుకోలేదు. ఫైలు తెరిచి, కాగితాలు కదిలి, మళ్ళీ పొమ్మనేలోపు ఈశ్వరమ్మక్క చనిపోయింది. పుండు నుంచి విషం ఒళ్ళంతా పాకిందన్నారు. వారానికి మూడుసార్లు కట్టు కట్టే మనిషి వచ్చి ఉంటే బతికేదా అని నేను ఏ డాక్టరునూ అడగలేదు. అడగడానికి ధైర్యం లేదు.

ఇప్పుడు కొత్తవాళ్ళకు పని నేర్పేది నేనే. మొదటిరోజు ఆ పాత రిపోర్టు కాగితం చూపిస్తాను, పేరున్న చోట వేలు అడ్డం పెట్టి. పేషెంటు సహకరించలేదు అన్న మాట, కింద నా సంతకం. ఇది రాసింది ఎవరో చెప్పండి అంటాను. ఇక్కడ నేను రాసిన పేరు కూడా ఆమె అసలు పేరు కాదు. ఆమె అద్దం సంగతి, పుండు సంగతి మీకు చెప్పేశాను, ఆమెను అడగకుండానే. ఇది కూడా దగ్గకుండా లోపలికి పోవడమే కావచ్చు. రాస్తూ చాలాసార్లు ఆగాను. ఆగితే నా తప్పు ఒక్కటే దాగుతుందని మళ్ళీ రాశాను.

ఇందులో సగమైనా నిన్న మెట్టు మీద అనసూయమ్మకు చెప్పి ఉంటాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. అరగంట తర్వాత లోపలి నుంచి "ఇప్పుడు రాండి మేడం" అని పిలిచారు. అనసూయమ్మ సంచీ తీసుకుని లేచింది. పిలిచినా సరే, చీర దగ్గర ఒకసారి ఆగి, దగ్గి, లోపలికి పోయింది. నేను వెంటనే లేవలేకపోయాను. "ఇప్పుడొద్దు" అన్నాక ఎప్పటికైనా రావాల్సిన "ఇప్పుడు రా పాపా" అన్న ఆ మాట కోసం నేను ఎమ్మిగనూరులో ఆ చీర బయటే ఇంకా నిలబడి ఉన్నాను.